సమస్య: ‘పెద్దతెరను జేరి పిన్నదయ్యె’

పృచ్ఛకుడు: ఇది ఆటవెలది నాలుగవ పాదం. 1968 నుంచి 1977 వరకు బీబీసీలో 80 భాగాలుగా ప్రసారమైన ‘డాడ్స్ ఆర్మీ’ హాస్య ధారావాహికను 1971లో నార్మన్ కోహెన్ దర్శకత్వంలో సినిమాగా తీశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, ఇంగ్లండు తీరాన ఒక కల్పిత పట్టణంలో, ముఖ్యంగా వయసు మీరిన వారితో ఏర్పడిన హోమ్ గార్డు దళం కథ ఇది. దళపతి కెప్టెన్ మానరింగ్ వృత్తిరీత్యా బ్యాంకు మేనేజరు. పూరణ ఈ సినిమా మీదనే సాగాలి.

మొదటి పూరణ:

చిన్న గదిని నవ్వు చిందించు సేనకు
దరియె లేని నేల దండుగయ్యె
మాట విరుపులోని మర్మమ్ము మాయమై
పెద్దతెరను జేరి పిన్నదయ్యె

పృచ్ఛకుడు: సేనను చెప్పి ‘దండుగ’ అనడంలోని శబ్దచమత్కారం బాగుంది, యతులు సరిపోయాయి. అయితే ‘పిన్నదయ్యె’కు కర్త లేదు, ‘సేనకు’ అని షష్ఠీ విభక్తి వేశాక సేన కర్త కాలేదు. మూడవ పాదాన్ని ‘మాట విరుపు దప్పి మందమై కథ యిట్లు’ అని మారిస్తే అన్వయం కుదురుతుంది.

మొదటి పూరణకర్త: సవరణను కృతజ్ఞతతో స్వీకరిస్తున్నాను. నా భావాన్ని కొంత వివరిస్తాను. ధారావాహికను స్టూడియోలో ప్రేక్షకుల ఎదుట చిత్రీకరించేవారు కనుక, సార్జెంట్ విల్సన్ ఒక మాట అని ఊరుకుంటే మానరింగ్‌గా నటించిన ఆర్థర్ లో (Lowe) ప్రేక్షకుల నవ్వు తగ్గేదాకా ముఖంతోనే బదులు చెప్పేవారు. సినిమాలో ఆ నవ్వులు లేవు, ఆ విరామానికి ఆధారమూ లేదు. సముద్రానికి ఆవల జర్మన్ సేనానిని చూపడం కూడా నాకు రుచించలేదు. శత్రువు కనబడక పోవడమే ఆ పట్టణానికి అందం.

రెండవ పూరణ:

గుండు కెదురు నిలిచె గుండె జంకని దొర
చర్చి గదిని నొకడె చలనమెడలి
చావు భీతి యితని సాహసమును గాంచి
పెద్దతెరను జేరి పిన్నదయ్యె

పృచ్ఛకుడు: అమ్మా, సమస్యను తలకిందులు చేసి గెలిచారు! చిన్నబోయింది సినిమా కాదు, మరణభయం. కూలిన విమానం నుంచి దిగిన జర్మన్ సైనికులు చర్చి హాలులో ఊరివారిని బంధించగా, అంతవరకు మనం నవ్విన ఆ పొట్టి మేనేజరు తుపాకి గొట్టం ఎదుట నిలబడే ఘట్టం ఇది. రెండు, మూడు పాదాలలో ఒకచోట ‘చ–చ’, మరొకచోట ‘చా–సా’ యతి వేశారు. రెండవది చ, స వర్ణాలకు మైత్రి ఒప్పుకొనే సరసయతి కనుక దోషం లేదు.

మొదటి పూరణకర్త: ఆ ఘట్టాన్ని నేను మరిచిపోయి రాశాను. అక్కడ విరామం ఉన్నది, నవ్వు అవసరం లేకుండానే ఉన్నది. నా పద్యంలోని ‘దండుగయ్యె’ అన్న మాటను ఆ ఒక్క దృశ్యానికి వర్తింపజేయలేను.