5 వాట్ల ట్యూబ్ యాంప్ కిట్ (ఛాంప్ 5ఎఫ్1): కీచుమోత, హమ్, 120 వోల్టుల గోల

టెలీ_తమ్ముడు (హైదరాబాద్)
అన్నలూ, కాస్త సాయం పట్టండి. మా బావ అమెరికా నుంచి వస్తూ 5ఎఫ్1 కిట్ తెచ్చాడు, గిటార్ యాంప్. 1950ల నాటి ఫెండర్ ఛాంప్ సర్క్యూటే: ముందు స్టేజికి ఒక 12ఏఎక్స్7 ట్యూబు (ఒకే గాజులో రెండు సగాలు), పవర్ ట్యూబుగా ఒక 6వీ6, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌గా 5వై3, ఒక్కటే వాల్యూమ్ నాబ్. సోల్డరింగ్ అంతా అయింది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 120 వోల్టులకే, అందుకే 240 నుంచి 120కి దింపే స్టెప్‌డౌన్ పెట్టి ఆన్ చేశా. ట్యూబులు వేడెక్కగానే కీచుమని ఒకటే అరుపు. వాల్యూమ్ సున్నాలో పెట్టినా ఆగదు. దాని వెనకాల హమ్ (గుయ్‌మనే మోత) కూడా ఉంది. వెంటనే ఆపేశా. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సోల్డర్_పొగ
కీచు సంగతి తేలికే తమ్ముడూ. స్పీకర్ జాక్ నుంచి 12ఏఎక్స్7 రెండో సగం క్యాథోడ్‌కి (ఎలక్ట్రాన్లు వదిలే కొస) 22కే, అంటే 22 వేల ఓమ్‌ల రెసిస్టర్ వెళ్తుంది చూడు, అదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్, అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి గెయిన్ తగ్గిస్తుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు అటూ ఇటూ అయితే అది పాజిటివ్ అయిపోయి యాంప్ తనంతట తానే అరుస్తుంది. ఈ ఫీడ్‌బ్యాక్ వాల్యూమ్ నాబ్ తర్వాతి స్టేజిలో తిరుగుతుంది, అందుకే సున్నాలో పెట్టినా ఆగలేదు. 22కే ఒక కాలు ఊడదీసి చూడు. అరుపు ఆగితే జబ్బు దొరికినట్టే. ఆ కాలు మళ్లీ అతికించి, సెకండరీ వైపు (స్పీకర్ వైపు) రెండు వైర్లు మార్చేయ్.

వాల్వు_బాబాయ్ (రాజమండ్రి)
వైర్ల దగ్గరికి పోయే ముందు ఒక మాట. ఈ డబ్బాలో 350 వోల్టుల డీసీ తిరుగుతుంది. ప్లగ్ పీకినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జి నిలిచే ఉంటుంది. 10కే, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా ఇన్సులేటెడ్ క్లిప్పులు కట్టుకో. ఒకటి ఛాసిస్‌కి (లోహపు పెట్టెకి), ఇంకోటి మొదటి ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్‌కి తగిలించి కాసేపు వదిలెయ్. ఆనక మీటరు పెట్టి, ఐదు వోల్టుల కిందికి దిగిందని కళ్లారా చూశాకే చెయ్యి పెట్టు. స్క్రూడ్రైవర్‌తో ఠప్పున షార్ట్ చేసే పద్ధతి మా రేడియో షాపుల్లో ఉండేది, నువ్వు మాత్రం నేర్చుకోకు. ఆన్‌లో ఉండగా రీడింగు తీయాలంటే నల్ల ప్రోబ్ ఛాసిస్‌కి క్లిప్ చేసి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో.

ఇంకోటి, స్పీకర్ లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజీ తన్నుకొచ్చి లోపల ఇన్సులేషన్ కాలిపోతుంది.

డాలస్_ట్వాంగ్
ఆ స్టెప్‌డౌన్‌కి అవుట్‌పుట్ సాకెట్లో ఎర్త్ ఉందా? మా నాన్నగారి దగ్గర నెల్లూరులో ఉన్నది చూశాను. మూడు పిన్నుల సాకెట్టే గానీ మూడో పిన్ను లోపల దేనికీ కలపలేదు. అప్పుడు ఛాసిస్ గాల్లో ఉన్నట్టే. హమ్ మాట అటుంచు, లోపల ఏదైనా ఫాల్ట్ వస్తే గిటార్ తీగలే లైవ్ అవుతాయి. ప్లగ్గులన్నీ గోడ నుంచి పీకేసి, యాంప్ ఛాసిస్‌కీ స్టెప్‌డౌన్ ప్లగ్ ఎర్త్ పిన్నుకీ మధ్య కంటిన్యుటీ చూడు. బీప్ రావాలి.

అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ 60 హెర్ట్జ్‌కి చుట్టింది. మన 50 హెర్ట్జ్ మీద కోర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. అరగంట తర్వాత చెయ్యి ఆన్చలేనంతగా కాలుతుంటే ఆపెయ్.

టెలీ_తమ్ముడు
డాలస్ అన్నా, దండం. బీప్ రాలేదు! ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ లోపల నుంచి కలిపించా. 22కే కాలు తీస్తే అరుపు ఆగింది, సెకండరీ వైర్లు మార్చా, ఇప్పుడు గిటార్ గిటార్‌లాగే పలుకుతోంది. హమ్ మాత్రం తగ్గిందే గానీ పోలేదు. రీడింగులు: గోడ దగ్గర 245, స్టెప్‌డౌన్ తర్వాత 122, 6వీ6 ప్లేట్ (ఎలక్ట్రాన్లు అందుకునే కొస) 362, క్యాథోడ్ 21. ఇవి సరిగ్గానే ఉన్నాయా?

సోల్డర్_పొగ
లెక్క వేద్దాం. క్యాథోడ్ రెసిస్టర్ 470 ఓమ్‌లు. 21ని 470తో భాగిస్తే దాదాపు 45 మిల్లీయాంపులు. అందులో 3 స్క్రీన్‌ది (ట్యూబులోని ఇంకో గ్రిడ్) అనుకుని తీసేస్తే ప్లేట్‌కి 42. ప్లేట్‌కీ క్యాథోడ్‌కీ మధ్య 341 వోల్టులు. గుణిస్తే 14 వాట్లు దాటింది. 6వీ6జీటీకి పాత డేటా షీట్లలో పరిమితి 12, తర్వాతి లెక్కల్లో 14. అంటే నీ ట్యూబు ఎర్రగీత మీద కూర్చుంది. వెంటనే పోదు, ఆయుష్షు మాత్రం తగ్గుతుంది.

470 తీసి 560 ఓమ్‌లు, 5 వాట్లది వెయ్. 13 దగ్గరికి దిగుతుంది. నీ 5వై3 ఎక్కడిదో కూడా చూడు. ఇప్పటి తయారీలో కొన్ని పాతవాటంత వోల్టేజీ దింపవు, అసలు సర్క్యూట్ కంటే ప్లేట్ మీద ఎక్కువ చేరడానికి అదీ ఒక కారణం.

విశాఖ_బ్లూస్
560 మీద శబ్దం చల్లబడదా అన్నా? నాది 470 మీదే ఉంది, బాగానే పలుకుతోంది.

సోల్డర్_పొగ
నీ ప్లేట్ వోల్టేజీ ఎంతో చెప్పకుండా "బాగానే ఉంది" అంటే నేనేం చెప్పను బ్రో? 330 ఉంటే 470 హాయిగా సరిపోతుంది. మీటరు పెట్టు.

వాల్వు_బాబాయ్
హమ్ సంగతి. ముందు ఒకటి తెలుసుకో బాబూ, ఇది సింగిల్ ఎండెడ్ యాంప్, అంటే ఒకే పవర్ ట్యూబు. రెండు పవర్ ట్యూబుల పుష్‌పుల్‌లో సప్లైలో మిగిలిన రిపుల్ (డీసీ మీది అల) ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. చెవి స్పీకర్ దగ్గర పెడితే కాస్త గుయ్‌మంటుంది, అది దీని స్వభావం. నాలుగడుగుల దూరంలో కూడా వినిపిస్తే మాత్రం వెతకాలి.

యాంప్ ఆపేసి, 12ఏఎక్స్7 పీకేసి, మళ్లీ ఆన్ చెయ్. హమ్ అలాగే ఉంటే సప్లైలోనో పవర్ ట్యూబు దగ్గరో ఉంది. పోతే ముందు స్టేజిలో. స్వరం కూడా విను. మన దగ్గర ట్యూబుని వేడిచేసే హీటరు నుంచి వచ్చేది 50 హెర్ట్జ్, లోతుగా, మెత్తగా ఉంటుంది. ఫిల్టరింగ్ చాలకపోతే వచ్చేది 100, కాస్త కరుకుగా ఉంటుంది.

టెలీ_తమ్ముడు
ట్యూబు పీకితే దాదాపు పోయింది బాబాయ్. మెత్తటి రకమే.

వాల్వు_బాబాయ్
అయితే హీటరే. అసలు ఛాంప్‌లో 6.3 వోల్టుల హీటరుకి ఒక కొస నేరుగా ఛాసిస్‌కి కలిపేవారు, నీ కిట్‌లోనూ అలాగే ఉండి ఉంటుంది. ఆ కొస విడదీయి. రెండు వైర్లనీ జడలా గట్టిగా మెలేసి, ఛాసిస్ మూలకి ఆనించి, సిగ్నల్ వైర్లకి దూరంగా తీసుకెళ్లు. రెండు కొసల నుంచీ చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, అవి కలిసేచోటుని 6వీ6 క్యాథోడ్‌కి కలుపు. అక్కడి 21 వోల్టుల మీద హీటరు మొత్తం తేలుతుంది, 12ఏఎక్స్7 క్యాథోడ్‌లోకి హమ్ కారడం బాగా తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి హీటరు సెంటర్ ట్యాప్ ముందే ఉంటే రెసిస్టర్లు అక్కర్లేదు, ఆ ట్యాప్‌నే క్యాథోడ్‌కి తిప్పు.

విశాఖ_బ్లూస్
ఇక్కడ ఇంకో రకం మోత గురించి చెప్పాలి. మా ఇంట్లో ఫ్యాన్‌కి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంది. ఫ్యాన్ మూడు మీద పెడితే టెలీక్యాస్టర్ గిటార్ సింగిల్ కాయిల్ పికప్‌లో జర్రుమని వస్తుంది, ఐదు మీద పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ ఎక్కితే ఇంకా ఘోరం. యాంప్ విప్పే ముందు గిటార్ కేబుల్ యాంప్ నుంచి పీకి చూడండి, మోత పోతే యాంప్ తప్పు కాదు. సముద్రం దగ్గర ఉండేవాళ్లు ట్యూబ్ సాకెట్ పిన్నులు కూడా చూసుకోవాలి. ఉప్పుగాలికి చిలుము పట్టి చిటపటలాడతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ట్యూబుని కాస్త కదిపితే చాలు.

టెలీ_తమ్ముడు
560 వేశా, కోటిలో గుజరాతీ గల్లీలో దొరికింది. క్యాథోడ్ 23, ప్లేట్ 366. హీటరు పని కూడా అయింది, హమ్ ఇప్పుడు గదిలో ఫ్యాన్ చప్పుడు కిందే ఉండిపోయింది. ఇక అసలు కోరిక: అపార్ట్‌మెంట్లో ఉంటాం, పక్కింటాయన గోడ కొడుతున్నాడు. 5 వాట్లే కదా అనుకున్నా! తక్కువ చప్పుడులో డ్రైవ్ (పగిలినట్టుండే స్వరం) రావాలంటే?

డాలస్_ట్వాంగ్
వాట్లు సగం చేసినా తగ్గేది 3 డెసిబెల్సే, అందుకే 5 వాట్లు కూడా గోడ దాటుతాయి. స్పీకరు నుంచి మొదలుపెట్టు. సెన్సిటివిటీ (ఒక వాటుకి ఎంత చప్పుడు చేస్తుందో) 97 డెసిబెల్స్ ఉన్నది తీసి 92ది పెడితే 5 డెసిబెల్స్ అక్కడే పోతాయి. ఇంపీడెన్స్ మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిందే ఉండాలి, నీదానికి 4 ఓమ్‌లు. ఇంకా డ్రైవ్ కావాలంటే 22కే ఫీడ్‌బ్యాక్‌కి ఒక స్విచ్ పెట్టు. తీసేస్తే గెయిన్ పెరుగుతుంది, స్వరం మొరటుగా, త్వరగా పగులుతుంది.

సోల్డర్_పొగ
స్విచ్ మంచిదే, నాకు ఫీడ్‌బ్యాక్ తీసేసి ఉన్నప్పుడే ఇష్టం. నువ్వు అడగకపోయినా, 12ఏఎక్స్7 బదులు 5751 ట్యూబు కూడా వేసి చూడు. గెయిన్ ఫ్యాక్టర్ 100 నుంచి 70కి దిగుతుంది, పిన్నులు అవే. డ్రైవ్ తగ్గుతుంది గానీ వాల్యూమ్ నాబ్ మీద పట్టు పెరుగుతుంది. ఒక్కో మార్పు చేసి వారం వాయించు, రెండూ ఒకేసారి వద్దు.

టెలీ_తమ్ముడు
ముందు స్విచ్. 4 ఓమ్‌ల 8 అంగుళాల గిటార్ స్పీకర్, సెన్సిటివిటీ తక్కువది, ఇక్కడ ఎవరి దగ్గరైనా పాతది ఉంటే మెసేజ్ పెట్టండి. కొత్తవి దొరికినవన్నీ 8 ఓమ్‌లే.

విశాఖ_బ్లూస్
నా దగ్గర ఒకటి ఉంది, కోన్ అంచు కొంచెం చిరిగి జిగురు పూసింది. పర్లేదనుకుంటే ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తా, ఛార్జీలు నీవే.