కాళ్ళాగజ్జీ పాటలోకి బచ్చలికూర ఎలా వచ్చింది?

మొన్న గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది కదా, కాళ్ళాగజ్జీ కంకాళమ్మ పాట అసలు గజ్జికి మందుల చీటీ అని, ఒక్కో మాట ఒక్కో వైద్యం అని. చాలామందికి నచ్చింది, నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. రెండు రోజులుగా మా పాపని కాళ్ళు చాపించి కూర్చోబెట్టి అదే పాట పాడుతున్నా. మీరూ అర్థం కాసేపు పక్కనపెట్టి, చెవితో వినండి.

మొగ్గా కాదు మోదుగ నీడ
నీడా కాదు నిమ్మల బావి
బావీ కాదు బచ్చలికూర
కూరా కాదు గుమ్మడిపండు
పండూ కాదు పాపాయి మీసం
మీసం కాదు మిరియాలపోతు

మొగ్గకి మోదుగ, నీడకి నిమ్మ, బావికి బచ్చలి, పండుకి పాపాయి, మీసానికి మిరియాలు. ఇది యతి అండీ, అంటే పాదం మొదటి అక్షరానికి జత అక్షరం మధ్యలో మళ్ళీ పడటం, పద్యాల్లో చూసుకునే యతే! కూరకి గుమ్మడి ఒక్కటీ తప్పినట్టు అనిపిస్తుంది గానీ నాకు ఒళ్ళు పులకరించింది అక్కడే, ఎందుకంటే క ఖ గ ఘ ఒకదానికొకటి యతి చెల్లుతాయి, ఉ ఊ కూడా చెల్లుతాయి, అంటే కూ కి గు సరిగ్గా కుదిరింది. ఛందస్సు పుస్తకం ముట్టుకోని అమ్మమ్మలు ఒళ్ళో పిల్లని ఊపుతూ వర్గయతి వేసేశారన్నమాట.

ఇంకోటి. కొన్ని ఊళ్ళలో "నిమ్మల బావి" అనరు, "నిమ్మల వారి, వారీ కాదు వావింటి కూర" అంటారు. వారి అంటే నీళ్ళు, వావింట అంటే వామింట, అదీ వండుకు తినే ఆకే. చూడండి, బావి పోయి వారి రాగానే బచ్చలి పోయి వావింట వచ్చేసింది! మందు చీటీ అయితే పక్క మాట మారినంత మాత్రాన ఆకు మారుతుందా? ఆ కూరని ఎంచింది వైద్యుడు కాదు, చెవి. కాకపోతే చెవి ఏది పడితే అది తేలేదు, పెరట్లో ఉన్నదే తెచ్చింది.

*

మాస్టారూ, బావుంది. మరి అట్లతద్ది పాట సంగతేంటి? అందులో ఆరట్లు, మూడట్లు అని లెక్క ఉందిగా. మా అమ్మ వాయనంలో పదకొండు పెట్టేది, మరి ఆ ఆరు ఎక్కడిది?

*

మంచి ప్రశ్న అమ్మా. "అట్లతద్దోయ్ ఆరట్లోయ్, ముద్దపప్పోయ్ మూడట్లోయ్". అ కి ఆ, ము కి మూ. ఆ తర్వాత పీట కింద పిడికెడు బియ్యం, పిల్లల్లారా జెల్లల్లారా, అక్కడ పీ, పి, పి. వాయనం లెక్క పూజది, పాట లెక్క నోటిది, రెండూ కలపకండి. తద్ది అంటే తదియే, ఆశ్వయుజ బహుళ తదియ. తెల్లారకముందే లేచి చద్దన్నం తిని ఉయ్యాలలూగే ఆడపిల్లలు పక్కింటి పిల్లల్ని నిద్రలేపడానికి వీధిలో అరిచే పాట ఇది, అందుకే ముక్కల చివర ఆ "ఓయ్".

అయినా ఆదివారం మా ఇంట్లో పాట ప్రకారమే వండాం. గ్లాసు మినప్పప్పుకి 2 గ్లాసుల బియ్యం, రాత్రంతా నానబెట్టి కాస్త గట్టిగా రుబ్బా. పెనం మీద ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి గరిటెడు పిండి వేసి, దోసెలా పల్చగా లాగకుండా అరచేతి మందాన వదిలేసి మూతపెట్టాలి, అప్పుడే అట్టు, లేకపోతే దోసె అయిపోతుంది. ముద్దపప్పుకి కందిపప్పు దోరగా వేయించి, నీళ్ళు తక్కువ పోసి ఉడికించి, ఉప్పేసి మెదిపి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోశా. వేడి అట్టు తుంచి ఆ పప్పు అద్దుకుని తింటే, ముద్దపప్పు పక్కన అట్లని పాటలో కూర్చోబెట్టినవాళ్ళకి నాలుక కూడా చెవంత మంచిదే అని తెలిసింది. మా పాప ఆరట్లు అని మొదలుపెట్టి రెండో దానికే లేచిపోయింది.

చెమ్మచెక్కలో "అట్లు పొయ్యంగ ఆరగించంగ" కూడా ఇదే కొలత, గమనించారా? మీ ఊళ్ళో బావి తర్వాత ఏం కూర వస్తుందో, అసలు బావే వస్తుందో లేదో, పెద్దవాళ్ళని పాడించి విన్నది విన్నట్టు ఇక్కడ టైప్ చెయ్యండి. సరిచెయ్యకండి దయచేసి.