అప్‌డేట్: పెళ్లి సంబంధానికి దేవుణ్ణి గుర్తు అడగవచ్చా?

ఇంట్లో చూసిన సంబంధానికి ఒప్పుకునే ముందు, బైబిల్లో ఆదికాండము 24లో, యజమాని కొడుకు ఇస్సాకుకు పెళ్లికూతుర్ని వెతకడానికి వెళ్లిన అబ్రాహాము దాసుడు అడిగినట్టు నేనూ దేవుణ్ణి ఒక గుర్తు అడగవచ్చా అని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

"ముందు ఆ అధ్యాయం నిదానంగా చదువమ్మా" అన్న అక్క మాట బాగా పనికొచ్చింది. ఆ దాసుడు అడిగింది ఏదో వింత కాదు. తనకు నీళ్లిచ్చి, ఒంటెలకు కూడా తానే తోడిపోస్తానని చెప్పే అమ్మాయి కావాలన్నాడు. 10 ఒంటెలు! దాహంగా ఉంటే ఒక్క ఒంటే 100 లీటర్ల దాకా తాగేస్తుంది. అంటే గుర్తులోనే గుణం చూశాడు. అచ్చం అలాగే చెప్పిన రిబ్కా అనే అమ్మాయి నీళ్లు తోడుతుంటే వెంటనే తేల్చేయకుండా మౌనంగా గమనించాడు (21వ వచనం), ఎవరి కుమార్తెవని అడిగాడు. మర్నాడు ఇంటివాళ్లు ఆమెనే పిలిచి, ఇతనితో వెళ్తావా అని అడిగితే "వెళ్తాను" అంది. ఈ 58వ వచనం నాన్నగారికి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదాయన!

గుర్తు అడగడం మానేశాను, ప్రార్థన మానలేదు. అబ్బాయితో నేరుగా మాట్లాడాను. విశ్వాసం, కట్నం విషయాల్లో స్పష్టంగానే చెప్పాడు. పెళ్లయ్యాక నా ఉద్యోగం సంగతి అడిగితే మాత్రం "అమ్మను అడిగి చెప్తా" అన్నాడు. టెన్షన్ అంతా ఇప్పుడు దాని మీదే. ఆ జవాబు వచ్చేదాకా నిశ్చితార్థం తేదీ పెట్టొద్దని ఇంట్లో చెప్పేశాను.