గుంటూరులో అంతర ఇంజెక్షన్ ఎక్కడ వేయించుకుంటే మంచిది?

నమస్కారమండి. మాది గుంటూరు, పట్టాభిపురం వైపు. బాబుకి ఐదో నెల, నా పాలే తాగుతున్నాడు. పాపకి ఇంకా రెండేళ్లు నిండలేదు. మళ్లీ వెంటనే కాన్పంటే చాలా భయంగా ఉంది, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మాత్రం ఇప్పుడే వద్దనుకుంటున్నాం. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, అందుకే వాడే ఛాయ మాత్రలు, కాపర్-టీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమేనని మా ఆశా అక్క చెప్పింది.

మొన్న ఒక కేంద్రానికి వెళ్తే వరుసలో అందరి ముందే "ఇద్దరున్నారుగా, ఆపరేషన్ ఎందుకు చేయించుకోవు?" అని గట్టిగా అడిగారు. ఏమీ అడగకుండానే వచ్చేశాను. మందు ఒక్కటే ఉంటే సరిపోదు కదండీ, తలుపు వేసి నెమ్మదిగా మాట్లాడేవాళ్లు కూడా ఉండాలి.

లేడీ డాక్టర్ ఉండి, విడిగా కూర్చోబెట్టి మాట్లాడే అర్బన్ హెల్త్ సెంటర్ ఏది? జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) అయితే ఏ ఓపీకి వెళ్లాలి? రెండో డోసుకి స్టాక్ లేదంటారేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. వేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.