రేపు నిఖత్ ఫైనల్, మీ ప్రిడిక్షన్ ఏంటి?

వైజాగ్_జాబ్ (25 మార్చి 2023, రాత్రి)
ఇవాళ మహిళల వరల్డ్ బాక్సింగ్ చాంపియన్‌షిప్‌లో నీతూ, స్వీటీ ఇద్దరూ గోల్డ్ కొట్టేశారు, రేపు ఢిల్లీలోనే 50 కేజీల ఫైనల్లో మన నిఖత్ జరీన్. అవతల వియత్నాం బాక్సర్ న్యూయెన్ థి తమ్, రెండుసార్లు ఆసియా చాంపియన్. సెమీస్‌లో రియో ఒలింపిక్ బ్రాంజ్ మెడలిస్ట్ వలెన్సియానే 5-0తో, అంటే ఐదుగురు జడ్జీల ఓట్లతోనూ, ఓడించింది కాబట్టి ఇదీ ఈజీయే అంటున్నారు అందరూ, నాకైతే క్వార్టర్స్ కళ్లముందే ఉంది, థాయ్‌లాండ్ రక్సత్ మీద బౌట్ రివ్యూ దాకా వెళ్లి 5-2తో బయటపడింది. ఏమంటారు?

ఇందూరు_పంచ్
గెలుస్తది అన్నా, డౌటే వద్దు. పోయినేడు ఇస్తాంబుల్ వరల్డ్ చాంపియన్‌షిప్ ఫైనల్ల జుటమస్‌ని 5-0 కొట్టింది కదా. ఈసారి సీడింగ్ (పెద్ద బాక్సర్లు మొదట్లనే తలపడకుండ ఇచ్చే ర్యాంక్) గూడ ఇయ్యలే, రెండో బౌట్‌లనే టాప్ సీడ్ అల్జీరియా బౌలమ్ ఎదురైంది, ఆమెను గూడ 5-0. మా నిజామాబాద్ల రేపు టీవీల ముంగటికెళ్లి ఎవ్వరు లేవరు.

సౌత్‌పా_సూరి
నేనూ నిఖత్ ఫ్యానే బ్రో, కానీ వెయిట్ సంగతి ఎవరూ మాట్లాడట్లేదేంటి. ఇస్తాంబుల్‌లో ఆడింది 52లో, పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు కాబట్టి 50కి దిగింది. రెండు కేజీలే కదా అనిపిస్తుంది గానీ టోర్నీ అంతా బౌట్ ఉన్న రోజల్లా పొద్దున్నే వెయిట్ చూపించాలి, రేపటిది ఆరో బౌట్, మూడో రౌండ్‌కి కాళ్లు బరువెక్కుతాయి. నా లెక్క 4-1, నిఖత్‌కే, కానీ చెమటలు పట్టించి.

వైజాగ్_జాబ్
బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గోల్డ్ 50లోనే వచ్చింది కదా సూరి అన్నా.

రింగ్‌సైడ్_రమ
వెయిట్ కన్నా నాకు దూరం ముఖ్యం అనిపిస్తోంది. నిఖత్ బయట నుంచి వన్-టూ (వెంటవెంటనే రెండు పంచ్‌లు) వేసి పక్కకి తప్పుకుంటే ఎవరూ అందుకోలేరు, దగ్గరికి వెళ్లి పట్టుకోవడం మొదలైతే మాత్రం కష్టం, రిఫరీ వార్నింగ్ ఇస్తే పాయింట్ పోతుంది. ఉన్నవే మూడు రౌండ్లు, ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో లాగా పది, పన్నెండు ఉండవు కాబట్టి మొదటిది పోతే తిరిగి లాక్కోవడానికి టైమే ఉండదు. అన్నట్టు ఆ 5-2 ఎలా అని కొందరు అడుగుతున్నారు, ఐదుగురు జడ్జీలు 3-2గా చీలితే ఇంకో ఇద్దరి స్కోర్లు కూడా కలుపుతారు, అంతే. ఫస్ట్ రౌండ్ నిఖత్‌దైతే 5-0, నా మాట అదే.

ఇందూరు_పంచ్ (26 మార్చి, రాత్రి)
కొట్టింది!!! 5-0!!! మేరీ కోమ్ తర్వాత ఒకటి కన్న ఎక్కువ వరల్డ్ గోల్డ్‌లు తెచ్చిన ఇండియన్ మా ఇందూరు బిడ్డ!! లవ్లీనాది గూడ కలిపి మొత్తం నాలుగు గోల్డ్‌లు.

సౌత్‌పా_సూరి
కంగ్రాట్స్ అందరికీ, గొంతు పోయింది అరిచి అరిచి. కానీ 5-0 చూసి వన్‌సైడ్ అనుకోవద్దు, తమ్ గట్టిగా ఆడింది, లాస్ట్ రౌండ్‌లో దెబ్బ తిన్న ఆమెకి రిఫరీ కౌంట్ ఇచ్చేదాకా (ఆట ఆపి ఎనిమిది లెక్కపెట్టేదాకా) నాకు ఊపిరాడలేదు. రమగారూ, రెండో రౌండ్ మీరు ఎవరికి ఇచ్చారు?