క్రెడిట్ కార్డు ఫారంలో ఆదాయం ఎంత రాయాలి? నాన్న చీనీ తోట కూడా కలపొచ్చా?

కడప లెక్కల టీచర్:
ప్రైవేటు స్కూల్లో పని చేస్తున్నాను. జీతం 24,000. పీఎఫ్ 1,440, వృత్తి పన్ను 200 పోయి చేతికి 22,360 వస్తుంది. సాయంత్రం ఇంట్లో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తే ఏడాదికి లక్ష దాకా వస్తుంది. కొందరు ఫోన్‌పే చేస్తారు, కొందరు నోట్లిస్తారు. పులివెందుల దగ్గర నాన్న పేరు మీద చీనీ (బత్తాయి) తోట ఉంది. కాపు బాగుంటే 2 లక్షలు మిగులుతుంది, లేదంటే మందులకూ డ్రిప్పుకూ సరి.

నిన్న మాల్‌లో కార్డులిచ్చే కుర్రాడు ట్యాబ్ పట్టుకొని కూర్చోబెట్టాడు. ఏడాది ఆదాయం అన్న గడి దగ్గర నేను ఆగితే, "6 లక్షలు కొట్టేయండి సార్, ఎవరూ చూడరు" అని తనే వేలు పెట్టబోయాడు. రేపు చెప్తానని లేచొచ్చేశాను. నిజంగా ఏం రాయాలి?

ఆదోని అకౌంటెంట్:
ముందు ఆ గడిలో ఏం అడిగారో చదవండి సార్. గ్రాస్ యాన్యువల్ అంటే కోతలకు ముందుది, మీకు 2,88,000. చాలామంది చేతికొచ్చేదాన్ని 12తో గుణించి అక్కడ రాస్తారు. మీ విషయంలో అది 2,68,320 అవుతుంది, అంటే మీ ఆదాయాన్ని మీరే 20 వేలు తగ్గించుకున్నట్టు. నెట్ మంత్లీ అని అడిగితేనే 22,360. ట్యూషన్ వదిలేయండి. కాగితం లేని రూపాయి బ్యాంకుకు లేనట్టే.

అనంతపురం కిరాణా:
నేను ఒప్పుకోనన్నా. కాగితం లేని రూపాయి లేనట్టే అంటే మా వీధిలో సగం మందికి ఆదాయమే లేదు. ఆయన గొంతు పోయేలా చెప్పి సంపాదించింది అది. దొంగ సొమ్మా దాచడానికి? 3,88,000 అని ధైర్యంగా రాయాల.

ఆదోని అకౌంటెంట్:
రాయొచ్చు, కాదనను. కానీ ముందు ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి. పన్ను పడుతుందని భయపడి చాలామంది చూపించరు. 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది, ఈయనకు పైసా పన్ను రాదు. కాకపోతే ట్యూషన్ సంపాదన వ్యాపార ఆదాయం కింద వస్తుంది కాబట్టి మామూలు జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 ఫారం పనికిరాదు. ఫైల్ చేసేవాళ్లకు ఆ మాట ముందే చెప్పండి.

కర్నూలు మెడికల్ రెప్:
ఇంత ఆలోచన ఎందుకు? రెండేళ్ల కింద నాకు 3 లక్షలుంటే 5 రాశాను. కార్డు వచ్చింది, ఏమీ కాలేదు. దొంగ పే స్లిప్ ఇవ్వలేదు కదా, అంకె మాత్రమే వేశాను.

తాడిపత్రి బండల వ్యాపారి:
అన్నా, నేనూ అట్లే అనుకున్నా. ఆదాయం రెండింతలు రాస్తే 1,20,000 లిమిట్ ఇచ్చారు. చెల్లెలి పెళ్లికి గీకేశాను. 60,000 బాకీ నిలబడింది. నెలకు 3,000 మినిమం కట్టుకుంటూ బాకీ తీరుతోందనే అనుకున్నా. ఒకరోజు రాత్రి మా ఆవిడ స్టేట్‌మెంట్ ముందేసుకొని పెన్నుతో లెక్క చూసింది. నెలకు మూడున్నర శాతం వడ్డీ 2,100, దాని మీద జీఎస్టీ 378. నేను కట్టిన 3,000లో అసలుకు పోయింది 522 రూపాయలు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా నిజమైన ఆదాయానికి 50 వేల లిమిట్టే వచ్చేది, అంత వరకే గీకేవాణ్ని. ఏమీ కాలేదు అనే ముందు నీ స్టేట్‌మెంట్ ఒకసారి చూసుకో.

డాలస్‌లో కర్నూలు ఆడపడుచు:
ఇక్కడ నాకు ఉద్యోగం లేకున్నా మా ఆయన జీతం రాసి కార్డు తీసుకున్నాను. 21 ఏళ్లు నిండినవాళ్లు, ఆ డబ్బు తమకు అందుబాటులో ఉంటే రాయొచ్చని 2013లో రూల్ మార్చారు. అలాంటప్పుడు నాన్నగారి తోట ఎందుకు రాయకూడదు?

ఆదోని అకౌంటెంట్:
అమ్మా, అది అమెరికా రూలు. ఇక్కడ రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో, కార్డు అడిగిన మనిషికి సొంతంగా ఉన్న ఆర్థిక స్తోమత చూసి ఇవ్వాలని ఉంది. భూమి పాసుపుస్తకం నాన్న పేరు మీద ఉంటే ఆ చీనీ పంట నాన్నదే. ఇక మెడికల్ రెప్ గారూ, దొంగ స్లిప్ పెడితే అది మోసం కేసు, మీరు ఆ పని చేయలేదు, సంతోషం. కానీ ఫారం కింద "పై వివరాలన్నీ నిజం" అన్నచోట సంతకం మీదే. బ్యాంకువాళ్లు స్టేట్‌మెంట్ అడిగి, అంకె కలవక తిప్పి పంపితే, అప్లై చేసిన ఎంక్వైరీ సిబిల్‌లో, అంటే మీ అప్పుల రికార్డులో, ఉండిపోతుంది.

కర్నూలు మెడికల్ రెప్:
సంతకం మాట ఒప్పుకుంటాను. కానీ ఏజెంట్లకు టార్గెట్లు పెట్టి మా చేత అంకెలు వేయించేవాళ్లను కూడా అడగాలి. తప్పంతా మా ఒక్కరి మీదే వేస్తే నాకు బాధగా ఉంది.

అనంతపురం కిరాణా:
ఆ మాట నిజమప్పా. టీచర్ సార్, అంత తొందరైతే 30 వేలు ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు తీసుకోండి. దానికి ఆదాయం కాగితాలతో పెద్దగా పని లేదు. నేను అట్లే మొదలుపెట్టాను.

కడప లెక్కల టీచర్:
అందరికీ నమస్కారం. నేనే ఆన్‌లైన్‌లో 2,88,000 అని నింపాను. తోట రాయలేదు. ట్యూషన్ ఈసారి రిటర్నులో చూపించి, ఆ తర్వాత కలుపుతాను. ఇవాళ పిల్లలతో ఫీజు ఫోన్‌పేలోనే పంపమని ఇళ్లకు కబురు చేశాను. సాయంత్రం ఒక తల్లి వచ్చి "మాకు ఫోన్‌పే లేదు సార్" అని కొంగున కట్టిన నోట్లు విప్పింది. ఆమె దగ్గర నోట్లే తీసుకున్నాను. సోమవారం బ్యాంకులో వేస్తాను.