కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ కొండల్లో ఆవుకు ఉన్న అనుమతి కుక్కకు ఎందుకు లేదు?

ప్రశ్న (సన్నీవేల్ నివాసి):
హైదరాబాదు నుంచి ఇక్కడికి వచ్చి ఏడాది కావస్తున్నది. మా అత్తమామలు వచ్చి ఉన్నందున పోయిన శనివారం నాలుగు కుటుంబాలం కలిసి శాన్ హోసేకు దక్షిణాన ఉన్న ఒక పరిరక్షణ భూమికి వెళ్లాము. పులిహోర, బొగ్గుల పొయ్యి, మా కుక్కపిల్లతో సహా దిగిన తరువాత గాని, పొయ్యికీ కుక్కకూ అక్కడ అనుమతి లేదని బోర్డు చూసి తెలియలేదు. పైన వాలులో మాత్రం ఆవుల మంద తాపీగా మేస్తున్నది! వాసోనా పార్కులో అందరూ గ్రిల్లు మీద వండుకుంటారు గదా, ఇక్కడ ఈ తేడా దేనికి? మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి అనువైన చోటు ఏదైనా చెప్పగలరా?

మొదటి జవాబు:
పైకి అన్నీ ఒకే రకం పార్కుల్లా కనిపించినా యజమానులు వేరండీ. వాసోనా, జోసెఫ్ గ్రాంట్ వంటివి కౌంటీ పార్కులు. అక్కడ వినోదం కూడా ముఖ్యమే కనుక పెద్ద బృందాలు ముందుగా బుక్ చేసుకునే వనభోజన స్థలాలు ఉంటాయి. హెన్రీ కో రాష్ట్ర ప్రభుత్వానిది, ఆలమ్ రాక్ శాన్ హోసే నగరానిది. వీటికి తోడు, 1972లో ఓటర్లు ఏర్పాటు చేసుకున్న మిడ్‌పెనిన్సులా అనే భూసంరక్షణ సంస్థ పడమటి కొండలనూ, 1993లో ఏర్పడిన శాంటా క్లారా వ్యాలీ ఓపెన్ స్పేస్ అథారిటీ అనే మరో సంస్థ మీరు వెళ్లిన వైపు భూములనూ కొని కాపాడుతున్నాయి. అథారిటీ కోసం ప్రతి స్థిరాస్తి మీద ఏటా 24 డాలర్ల పన్నుకు 2014లో ఓటర్లు ఒప్పుకున్నారు. ఆ డబ్బు ఇచ్చింది ముందు కొండనూ జంతువుల దారులనూ నిలబెట్టడానికి. మన నడక ఆ తరువాతిది. కుక్క తోడు రావాలంటే మిడ్‌పెనిన్సులా వారి ఫ్రీమాంట్ ఓల్డర్‌కు వెళ్లండి, అక్కడ తాడు కట్టి తిప్పవచ్చు.

రెండవ జవాబు:
ఆవుల సంగతి నేను చెబుతాను, అది నాకు ఇష్టమైన విషయం. మీరు వెళ్లిన వైపే ఉన్న కొయోటీ రిడ్జ్ అనే కొండ వాలుల్లో సర్పెంటైన్ అనే రాయి నుంచి ఏర్పడిన నిస్సారమైన నేల ఉంది. సామాన్యమైన గడ్డి అక్కడ బలంగా పెరగలేదు గనుక స్థానికమైన చిన్న పూల మొక్కలు బతికాయి, వాటిని నమ్ముకొని బే చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక బతికింది. అయితే 101 హైవే మీది కార్ల పొగలోని నైట్రోజన్ గాలిలో వచ్చి ఆ నేల మీద ఎరువులా పడుతున్నది. దానితో యూరప్ నుంచి వచ్చిన గడ్డి ఏపుగా పెరిగి పూల మొక్కలను కప్పేస్తున్నది. పశువులను తొలగించిన చోట సీతాకోకచిలుకల సంఖ్య కుప్పకూలిందని స్టువర్ట్ వైస్ అనే శాస్త్రవేత్త 1999లో ప్రచురించారు. అంటే మందను అక్కడ ఉంచింది పాల కోసం కాదు, కలుపు తీయడానికి. పైగా మేసిన గడ్డి వేసవిలో మంటలకు మేత కాదు. కుక్క వాసన మాత్రం బాటకు దూరంగా ఉన్న జింకలను కూడా బెదరగొడుతుంది.

మూడవ జవాబు:
పెద్దవారికి రాంచో శాన్ ఆంటోనియోలో డీర్ హాలో ఫార్మ్ దాకా సుమారు మైలు దూరం, దాదాపు సమతలమైన బాట బాగుంటుంది. వారాంతంలో కార్ల స్థలం పొద్దున్నే నిండిపోతుంది సుమా. నడక అసలే వద్దనుకుంటే, 2017లో ప్రజలకు తెరిచిన ఉమునం శిఖరం దాకా కారులోనే వెళ్లవచ్చు. ఎక్కడైనా మూడేసి ఆకుల పాయిజన్ ఓక్‌ను తాకనివ్వకండి. మన నల్లజీడి కుటుంబానిదే, ఒళ్లు అలాగే పొక్కుతుంది.

సన్నీవేల్ నివాసి:
ధన్యవాదాలండీ. నల్లజీడి అనగానే మా మామగారికి వెంటనే అర్థమైంది. వనభోజనం వాసోనాకు మార్చి, ఆవుల కొండకు కుక్కపిల్లను ఇంట్లో ఉంచి వెళతాము.